అడ్డగొట్టం మీద మిగిలిన రెండు అక్షరాలు

తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం బోధించిన ఒక ఆచార్యుల ఇంటి వసారాలో ఏళ్ల తరబడి గోడకు ఆనించి ఉన్న వంపు హ్యాండిల్ సైకిలు గత వేసవిలో నా చేతికి వచ్చింది. ఆయన ఇప్పుడు లేరు. "నాన్నగారు 71లో ఇంగ్లాండు నుంచి తెచ్చుకున్నారండీ" అని చెప్పి వారి అమ్మాయి దాన్ని నాకు అప్పగించారు. ఫ్రేమంతా ఎవరో ఆకుపచ్చ ఎనామిల్ దట్టంగా పూయడం వల్ల మోడల్ పేరు ఎక్కడా కనిపించలేదు. ముందు గొట్టం మీద కొంగ తల ఉన్న, ర్యాలీ అనే ఇంగ్లాండు సైకిలు కంపెనీ బిళ్ల ఒక్కటే మిగిలి ఉంది.

నేను మొదట చూపించిన మెకానిక్ అది బెంగాల్‌లోని అసన్సోల్‌లో తయారైనదని అన్నాడు. అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. 1950ల నుంచి అసన్సోల్‌లోని సేన్-ర్యాలీ కర్మాగారం నుంచి వచ్చిన సైకిళ్లే మన ఊళ్లలో ఎక్కువగా తిరిగాయి. అయితే బిళ్ల మీద ఇంగ్లాండులో ర్యాలీ కర్మాగారం ఉన్న నాటింగ్‌హామ్ పేరు స్పష్టంగా ఉంది.

పాత సైకిలు వయసు తేల్చేటప్పుడు ముందుగా ఏ భాగాన్ని నమ్మకూడదో తెలుసుకోవాలని నా అభిప్రాయం. ఈ సైకిలు వెనుక చక్రం చూసినవారెవరైనా పొరబడతారు. అది మన పాలవాళ్ల సైకిళ్లకు ఉండే 28 అంగుళాల రిమ్ము. టైరు కూర్చునే చోట దాని వ్యాసం 635 మిల్లీమీటర్లు. ముందు చక్రం మాత్రం 27 అంగుళాలది, 630 మిల్లీమీటర్లు. ఇక్కడ 27 అంగుళాల టైరు దొరక్క ఎవరో వెనుక చక్రాన్ని మార్చి, లావుపాటి టైరు పట్టేందుకు మడ్‌గార్డు తీసేసి, బ్రేకు రబ్బర్లను రెండున్నర మిల్లీమీటర్లు పైకి జరిపారు. చైను, టైర్లు, సీటు, పెడళ్లు కూడా ఇలాగే మారుతూ ఉంటాయి. ఫ్రేము, ఫోర్కు, పెడళ్ల ఇరుసును పట్టి ఉంచే బీబీ కప్పులు మాత్రం సాధారణంగా మొదటివే ఉంటాయి.

సీటు కింది గొట్టం వెనుక రంగును జాగ్రత్తగా గీకితే సంఖ్య బయటపడింది. మొదట ఎన్, తర్వాత మరో అక్షరం, ఆ వెంటనే 5, దాని తర్వాత వరుస అంకెలు. 1973 నుంచి ర్యాలీ వాడిన పద్ధతిలో మొదటి అక్షరం కర్మాగారాన్ని, రెండోది నెలను, తర్వాతి అంకె సంవత్సరంలోని చివరి అంకెను తెలుపుతాయి. ఎన్ అంటే నాటింగ్‌హామ్. కాబట్టి 1971 అన్న మాట అక్కడే వీగిపోయింది. కాని ఆ 5 అంకె 1975కు చెందినదా, 1985కు చెందినదా?

దీనికి సమాధానం వెనుక చక్రం కూర్చునే చోట దొరికింది. ఫ్రేము చీలికల మధ్య దూరం 120 మిల్లీమీటర్లు ఉంది. అది అయిదు పళ్లచక్రాల ఫ్రీవీలు కాలపు కొలత. ఆరేడు పళ్లచక్రాలు వచ్చాక అది 126కు పెరిగింది. బ్రేకు తీగలు మీట పైభాగం నుంచి విల్లులా వంగి వస్తున్నాయి. 1980ల మధ్య నుంచి వాటిని హ్యాండిల్ చుట్టిన టేపు కింద దాచడం మొదలైంది. పెడలు చేతులను పట్టి ఉంచేవి కాటర్ పిన్నులు. చవక సైకిళ్లలో పాత పద్ధతులు ఎక్కువ కాలం నిలుస్తాయి కనుక వీటిలో ఏ ఒక్కటీ విడిగా రుజువు కాదు, కాని మూడూ కలిసినప్పుడు 1985కు చోటుండదు.

ఇక మోడల్. ఇది రేనాల్డ్స్ 531 అనే తేలికపాటి మిశ్రమ ఉక్కు గొట్టాలతో చేసిన మేలు రకం సైకిలు కావాలని నేను గట్టిగా కోరుకున్నాను. సీటు కడ్డీని బయటికి తీసి వెర్నియర్‌తో కొలిస్తే 26.4 మిల్లీమీటర్లు వచ్చింది. సీటు గొట్టం బయటి వ్యాసం 28.6 కాబట్టి దాని గోడ మందం 1.1. పలుచని 531 గొట్టమైతే సాధారణంగా 27.2 కడ్డీ పడుతుంది. అంటే ఇది మామూలు ఉక్కు. బీబీ కప్పుల మరలు అంగుళానికి 26 ఉన్నాయి. నాటింగ్‌హామ్ సొంత కొలత అదే. 1960లో ర్యాలీ కొనుక్కున్న కార్ల్టన్ అనే సైకిలు కంపెనీ వర్క్‌సాప్ పట్టణంలో చేసిన ఫ్రేములకు అందరూ వాడే 24 మరలే ఉండేవి.

ఎనామిల్‌ను పొరలు పొరలుగా, రెండు ఆదివారాల పాటు మెత్తని గుడ్డతో తుడవగా అడ్డగొట్టం మీద ఆర్, డి అనే చివరి రెండు అక్షరాల నీడ కనిపించింది. అవి రికార్డ్ అన్న పేరుకు సరిపోతాయి. ర్యాలీ చౌక రేసు సైకిళ్లలో అది ఒకటి, కాటర్ పిన్నులకూ మామూలు ఉక్కుకూ తగినది.

ఈ సంగతి చెప్పినప్పుడు ఆచార్యుల అమ్మాయి కాసేపు మౌనంగా ఉండి, లోపలికి వెళ్లి ఆయన పాత పాస్‌పోర్టు తెచ్చారు. ఆయన ఇంగ్లాండుకు బయలుదేరింది 1971లో. మద్రాసులో దిగినట్టు పడ్డ ముద్ర 1976 నాటిది. "నేనే పొరబడ్డానండీ, వెళ్లిన ఏడాదే నాకు గుర్తుండిపోయింది" అన్నారు. వెనుక చక్రం ఎప్పుడు మారిందని అడిగితే, తాను అయిదో తరగతిలో ఉండగా విశ్వవిద్యాలయం నుంచి వస్తూ దారిలో రిమ్ము వంగిపోయిందని, ఆ సాయంత్రం ఆయన సైకిలును నడిపించుకుంటూ ఇంటికి వచ్చారని చెప్పారు. 27 అంగుళాల రిమ్ము కోసం వెతకడం నేను మానేశాను. ఆ చక్రం అలాగే ఉంటుంది.