కళ్లు మూసుకోలేని రోజులు

పోయిన ఏడాది అమ్మకి ఆపరేషన్ అయిన వారం. రోజూలాగే తెల్లవారుజామున కళ్లు మూసుకుని ధ్యానానికి కూర్చున్నాను. రెండు నిమిషాలు కాలేదు, గుండెదడ మొదలైంది. ఊపిరిని గమనించే కొద్దీ ఇంకా పెరిగింది. ఇన్నేళ్ల సాధన ఏమైపోయిందని ఏడుపొచ్చింది.

లేచి ఆసుపత్రి వరండాలో చెప్పుల్లేకుండా నడిచాను. కళ్లు తెరిచే ఉన్నాయి. అరికాలికి తగిలే చల్లదనం మీదే ధ్యాస. ఓ పావుగంటకి బిగుసుకున్న భుజాలు వదులయ్యాయి. అప్పుడు 4 లెక్కపెట్టి గాలి పీల్చి, 8 లెక్కపెట్టి వదిలాను. పీల్చేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. మెదడు నుంచి గుండెకీ పొట్టకీ వెళ్లే వేగస్ నరం చేసే పని అది. భ్రామరి ప్రాణాయామంలో తుమ్మెదలా ఝుంకారం చేసినప్పుడూ అంతే, వదిలే ఊపిరి దానంతటదే సాగుతుంది.

అమ్మ ఇంటికొచ్చాక ఇంకో రకం రోజులు. టెన్షన్ లేదు, ఉత్సాహమూ లేదు. ఒళ్లంతా మొద్దుబారినట్టు, స్నానానికి లేవాలన్నా బరువు. అదే నెమ్మది శ్వాస అప్పుడు నన్ను ఇంకా కుంగదీసింది. ఎండలో నాలుగు సూర్యనమస్కారాలు చేసి, చెమట పట్టాక కూర్చుంటేనే మనసు నిలిచింది.

ఇప్పుడు చాప పరిచే ముందు మణికట్టు మీద వేలు పెట్టి నాడి చూసుకుంటాను. దవడ బిగిసి ఉందా, చేతులు చల్లబడ్డాయా అని కూడా. ఆ రోజు ఒంటి తీరును బట్టి సాధన మార్చుకోవాలని నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ వారం అంత ఏడ్చేదాన్ని కాదు.

ఈ ఉదయం దడగా ఉంది. చాప చుట్టేసి, మేడ మీద నడవడానికి వెళ్తున్నాను.