64కి 64

పొద్దున మొహం కూడా కడక్కుండా స్క్రీన్ చూశా. ఫిట్‌నెస్, అంటే నా సర్క్యూట్ సరిగ్గా చెప్పిన జవాబు బిట్ల లెక్క, 64! నిన్నంతా 61 దగ్గర మొండికేసి కూర్చున్నది రాత్రికి రాత్రి గట్టెక్కింది.

రెండేసి బిట్ల సంఖ్యలు రెండింటిని గుణించే సర్క్యూట్ అది. పదహారు ఇన్‌పుట్లు, ఒక్కోదానికి నాలుగు అవుట్‌పుట్ బిట్లు, మొత్తం 64. చేత్తో గీస్తే పది నిమిషాల పని. కానీ గేట్లు (సర్క్యూట్‌లో అతి చిన్న లెక్క ముక్కలు) ఎలా కలపాలో నేను చెప్పకూడదు, జీవపరిణామంలా తరతరాలుగా అదే నేర్చుకోవాలి, అదీ పంతం. ఒక తల్లి సర్క్యూట్, దాని అమరిక బిట్లు అక్కడక్కడా తిప్పిన నాలుగు పిల్లలు. అన్నిటినీ ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ని మనకు కావలసినట్టు మార్చుకోగల చిప్) బోర్డు మీదే పరీక్షించి, మెరుగైనదాన్ని తర్వాతి తరానికి తల్లిని చెయ్యడం. బిట్‌స్ట్రీమ్‌ని, అంటే చిప్ లోపలి అమరికంతా చెప్పే ఫైల్ని, నేరుగా కెలికే ధైర్యం మాత్రం లేదు. రెండు అవుట్‌పుట్లు ఒకే తీగ మీద కొట్టుకుంటే చిప్ పోవచ్చు. అందుకే వెరిలాగ్ అనే సర్క్యూట్లు రాసే భాషలో మల్టీప్లెక్సర్ల (చాలా ఇన్‌పుట్లలో ఒకదాన్ని ఎంచి పంపే స్విచ్‌ల) వల ఒకటి రాసి, ఏది ఎంచాలో చెప్పే వాటి సెలెక్ట్ బిట్లనే మారుస్తున్నా.

కాఫీ తాగుతుంటే ఎందుకో అనుమానం వచ్చింది. ఇన్‌పుట్లు అడిగే వరుసని తారుమారు చేసి మళ్ళీ పరీక్ష పెట్టా. 43.

గంట వెతికితే దొరికింది దొంగ. ఒక గేటు అవుట్‌పుట్ చుట్టూ తిరిగి తన ఇన్‌పుట్‌కే వచ్చి చేరింది. నా టెస్టు ఎప్పుడూ 0000 నుంచి 1111 దాకా వరుసగానే అడుగుతుంది కదా, ముందు అడిగింది గుర్తుంటే తర్వాతది సగం తెలిసినట్టే. మధ్యలో ఎక్కడ అడిగినా ఒకటో ఎక్కం నుంచి అందుకునే పిల్లాడి వరస! ఇలా తిరిగి తనలోకే వచ్చే దారిని కాంబినేషనల్ లూప్ అంటారు, అది ఉందని సర్క్యూట్‌ని చిప్‌కి మార్చే సాఫ్ట్‌వేర్ మొత్తుకుంది కూడా. ఆ వార్నింగ్‌లన్నీ కనపడకుండా చేసింది నేనే.

1996లో ససెక్స్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ థాంప్సన్ చేసిన ప్రయోగం గుర్తొచ్చింది. 1 కిలోహెర్ట్జ్, 10 కిలోహెర్ట్జ్ స్వరాలను వేరు చెయ్యమని జైలింక్స్ ఎక్స్‌సీ6216 అనే ఎఫ్‌పీజీఏ చిప్‌లో ఒక మూల 100 సెల్స్ (చిన్న చిన్న లాజిక్ గడులు) ఇచ్చాడు. సమయం లెక్కపెట్టుకోవడానికి క్లాక్ సిగ్నల్ లేదు. ఆ చిప్‌లో ఏ బిట్లు పెట్టినా కాలిపోదు, అదృష్టవంతుడు. దాదాపు 5000 తరాలకు వచ్చిన సర్క్యూట్‌లో కొన్ని సెల్స్‌కు అవుట్‌పుట్‌తో వైరు సంబంధమే కనపడదు, అయినా వాటి విలువ మారకుండా కట్టేస్తే పని చెడింది. దాని ముందు నా దొంగ చాలా అమాయకుడు.

మధ్యాహ్నం అలా వెనక్కి తిరిగొచ్చే ఫీడ్‌బ్యాక్ దారులు మూసేశా. ఇక ఏ గేటైనా తన ఎడమవైపు వరుసల నుంచే తీసుకోవాలి. టెస్టు అడిగే వరుస కూడా ప్రతి తరానికీ తారుమారు చేస్తున్నా. అయినా ఆ పాత బిట్లు చెరపబుద్ధి కాలేదు, వేరే ఫైల్లో దాచుకున్నా.

సాయంత్రానికి 57. ఆన్‌లోనే వదిలేసి పడుకుంటున్నా.