పరీక్ష హాల్లో గుండె దడ: ముందుగా నేర్పాల్సిన ఊపిరి

"టెన్షన్ పడకు" అని చెబితే ఎవరికీ టెన్షన్ తగ్గదు. పేపర్ చేతికి రాగానే గుండె దడదడలాడటం, అరచేతులు చెమట పట్టడం, చదివింది గుర్తు రాకపోవడం పిల్లలు కావాలని తెచ్చుకునేవి కావు. ఒంటిని నెమ్మదింపజేసే పద్ధతి వాళ్లకు తెలిసి ఉండాలి. పరీక్ష రోజు చెబితే అది పట్టుబడదు. ఇంటర్ పిల్లలకైతే దసరా సెలవుల తర్వాత మొదలుపెట్టండి, రోజూ ఉదయం స్టడీ అవర్‌కు ముందు మూడు నిమిషాలు, క్లాసంతటికీ కలిపి. భయపడే ఒక్క అమ్మాయినే పిలిచి చేయించారో, ఆ అమ్మాయి ఇంకెప్పుడూ చేయదు.

పాదాలు నేలకు ఆనించి, ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ గాలి లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి. అంకెకో సెకను, నిమిషానికి ఆరు ఊపిర్లు. ఊపిరి వదిలేటప్పుడు గుండె కాస్త నెమ్మదిస్తుంది, అందుకే వదలడం పొడవుగా ఉండాలి. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూడమనండి, చాలామందికి ఆ తేడా వేళ్లకే తెలుస్తుంది. నమ్మకం అక్కడే కుదురుతుంది.

ఎక్కువగా జరిగే పొరపాటు "గట్టిగా ఊపిరి పీల్చు" అనడం. పెద్ద పెద్ద ఊపిర్లు గబగబా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. తనకేదో అయిపోతోందని పిల్లాడు ఇంకా బెదిరిపోతాడు. చిన్న ఊపిరి చాలు. ఊపిరి బిగబట్టించొద్దు, ఉబ్బసం ఉన్నవాళ్లచేత అసలే వద్దు. కళ్లు మూసుకోమని బలవంతపెట్టకండి, ఎదురుగా ఒక చోట చూపు నిలిపితే సరిపోతుంది.

ఊపిరి మీద ధ్యాస పెడితేనే కంగారు పెరిగే పిల్లలుంటారు. వాళ్లకు కండరాల పద్ధతి మేలు: పిడికిళ్లు ఐదు సెకన్లు బిగించి, పదిహేను సెకన్లు పూర్తిగా వదిలేయాలి. తర్వాత భుజాలు, ఆపైన పాదాలు. బెంచీ కింద చేసుకుంటే ఇన్విజిలేటర్‌కు కూడా తెలియదు.

కూర్చుని కుదిరాక, రెండంతస్తుల మెట్లెక్కించి గుండె వేగంగా కొట్టుకుంటుండగా చేయించండి. ఆ తర్వాతే వీక్లీ టెస్టుకు ముందు. గుండె వేగంగా ఉండగా చేయించే ఈ దశను చాలాచోట్ల వదిలేస్తారు, తీరా హాల్లో పద్ధతి పనిచేయలేదంటారు. భయానికి సున్నా నుంచి పది దాకా ముందూ వెనకా మార్కు వేసుకోమనాలి. ఎనిమిది ఐదుకొస్తే చాలు, పెన్ను పట్టొచ్చు. సున్నా కోసం కూర్చుంటే టైమంతా అక్కడే పోతుంది.

భయపడుతున్నాడని టెస్టు ఎగ్గొట్టనిస్తే ఆ పూటకు హాయి, పై వారానికి భయం పెరుగుతుంది. మొదటి అరగంటైనా రాయించండి. ఇక పొద్దున ఊపిరి నేర్పి సాయంత్రం నోటీసు బోర్డు మీద ర్యాంకుల జాబితా అతికించే కాలేజీలు ముందు ఆ జాబితా తీసేయాలి.

రెండు వారాలుగా నిద్రా తిండీ సరిగా లేకపోతే ఈ అభ్యాసాలతో సరిపెట్టకండి, డాక్టరుకు చూపించండి. చచ్చిపోవాలనుందన్న మాట వస్తే ఒంటరిగా వదలకండి, ఇంట్లో వాళ్లకు వెంటనే చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.