ఎర్రసిరా గీత

చిన్నదాని సైన్సు నోట్సులో కనిపించిన ఒక ఎర్రసిరా గీత సాయంత్రం నుంచి నన్ను వదలడం లేదు. పెన్సిలిన్ ఎలా పనిచేస్తుందన్న ప్రశ్నకు అది "బాక్టీరియాను కణకవచం కట్టుకోనివ్వదు" అని రాస్తే, దిద్దినవారు కొట్టివేసి, "కణకవచాన్ని పగలగొడుతుంది" అని పైన రాసి, అరమార్కు కోశారు. "పోనీలే అమ్మా, క్లాసులో అందరూ అదే రాశారు" అని అది హాయిగా నిద్రపోయింది. నేను మాత్రం టీచరుగారికి ఒక పేజీ ఉత్తరం రాసి నోట్సులో పెట్టాను. నా కోపం ఎప్పుడూ కాగితం మీదికే వస్తుందని మీకు తెలిసినదే.

కవచమంటే ఇటుకల గోడ కాదు, కణం చుట్టూ అల్లుకున్న ఒకే ఒక్క వలలాంటి సంచి. ముర్-ఎ నుంచి ముర్-ఎఫ్ వరకు ఆరు ఎంజైములు వరుసగా పనిచేసి, అమైనో ఆమ్లాల తోక ఉన్న చక్కెర ముక్కను కణం లోపల సిద్ధం చేస్తాయి. దానికి మరో చక్కెర తోడై పొర దాటి వెలుపలికి వచ్చాక, ఒక ఎంజైము ఆ జంటను గొలుసుకు చేరుస్తుంది. తోక కొసనున్న రెండు డి-అలనీన్లలో (అదో అమైనో ఆమ్లం) చివరిదాన్ని తెంచి, పక్క గొలుసు తోకతో ముడివేసేది ట్రాన్స్‌పెప్టిడేజ్ అనే మరో ఎంజైము. ఆ అలనీన్ల జంటను పెన్సిలిన్ పోలి ఉంటుందని 1965లో టిప్పర్, స్ట్రోమింగర్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. ఎంజైము పొరబడి పెన్సిలిన్‌ను పట్టుకుంటుంది, ఇక విడిపించుకోలేదు.

ఇది నాకు పుస్తకం చదివితే ఒంటబట్టలేదు. ఎమ్మెస్సీ రోజుల్లో, రాత్రంతా పెరిగి పల్చని మజ్జిగలా తయారైన ఇ.కోలై బాక్టీరియా ఫ్లాస్కులో పెన్సిలిన్ జాతిదే అయిన యాంపిసిలిన్ కలిపి, నాలుగు గంటలు దాని ముందే కూర్చున్నాను. మజ్జిగ మజ్జిగలాగే ఉంది. మందు పాతదని మేడంగారికి ఫిర్యాదు చేశాను. ఆవిడ ఒక్క మాటా అనకుండా, అదే ఫ్లాస్కు నుంచి ఒక మిల్లీలీటరు తీసి కొత్త మీడియంలో, అంటే బాక్టీరియాకు తిండి ఉన్న ద్రవంలో, వేసి షేకరు మీద పెట్టించారు. రెండు గంటలకు అది మసకబారుతుండగా అదే మందు, అదే మోతాదు నా చేతనే కలిపించారు. ఇంకో గంటన్నరకు ఫ్లాస్కు వెనక పెట్టిన కాగితం మీద నా చేతిరాత కనిపించేంతగా తేటపడింది. తిండి అయిపోయి పెరుగుదల ఆగిన కణాలు కొత్త కవచం అల్లవు, అల్లని చేతిని కట్టేసి లాభమేమిటి? మందు సుత్తి అయితే రెండు ఫ్లాస్కులూ ఒకలాగే తేటపడాలి కదా! ఉత్తరంలో ఈ వాక్యం కింద రెండు గీతలు కూడా గీశాను.

లైటు ఆర్పబోతుండగా సందేహం పట్టుకుంది. కట్టడం మాత్రమే ఆగితే, అప్పటికే ఉన్న సంచి ఎందుకు చిరగాలి? పెరిగే కణం కొత్త గొలుసులను చొప్పించడానికి పాత వాటిని అక్కడక్కడా తెంచుకుంటూ ఉండాలి, దానికీ దాని సొంత ఎంజైములున్నాయి. ముడివేసే చెయ్యి పడిపోయినా ఈ తెంచే చేతులు ఆగవు. అంటే పగలడం నిజంగానే జరుగుతోంది, పగలగొట్టేది మాత్రం పెన్సిలిన్ కాదు.

అంతటితో అయిపోలేదు. 2014లో హార్వర్డ్‌లో బెర్న్‌హార్ట్ బృందం ఇ.కోలైలో మెసిలినామ్ అనే పెన్సిలిన్ జాతి మందుతో చూపించినదేమిటంటే, ముడి ఆగినా గొలుసు తయారీ ఆగదు. ముడిపడని గొలుసులను కణం ఎప్పటికప్పుడు కోసేసుకుంటూ, మళ్ళీ తయారుచేస్తూ, ఉన్న సరుకంతా వృథా చేసుకుంటుంది. అంటే చిన్నది రాసిన "కట్టుకోనివ్వదు", నేను వెనకేసుకొచ్చిన "కట్టుకోనివ్వదు" కూడా సగమే నిజం. "ముడిపడనివ్వదు" అంటే సరిపోయేదేమో.

ఉత్తరం నోట్సులోంచి తీసేశాను. అయినా ఆ అరమార్కు కోయడం అన్యాయమే. పైన రాసిన జవాబుకన్నా కొట్టివేసినదే నిజానికి దగ్గరగా ఉంది. ఉదయం చిన్నది బడికి వెళ్ళేలోపు ఇంకో ఉత్తరం, ఈసారి నాలుగు వాక్యాలకు మించకుండా, రాయగలనేమో చూడాలి.