ప్రొస్టేట్ మాత్ర, నేను దాచిపెట్టిన ఎనిమిది నెలలు

చొక్కా గుడ్డ తగిలినా ఎడమ చనుమొన దగ్గర సలుపు పుట్టేది, అక్కడి నుంచే మొదలుపెడతా, ఎందుకంటే ఆ ఒక్క సంగతి వెంటనే డాక్టరుకి చెప్పి ఉంటే తర్వాత జరిగినవి చాలావరకు జరిగేవి కావు. 62 ఏళ్ల మగాడు ఛాతీ వాచింది, లోపల ఉసిరికాయంత గడ్డ చేతికి తగులుతోంది అని ఇంట్లో ఎట్లా చెప్తాడు? చెప్పలేకపోయా. స్నానం అయ్యాక బాత్రూమ్‌లోనే బనియన్ వేసుకుని బయటికి వచ్చేవాణ్ని.

మాది హిందూపురం. టీచరుగా రిటైరయ్యాక మా అబ్బాయి దగ్గరికి బెంగళూరు వచ్చేశాం, మారతహళ్ళిలో ఉంటాం. మూత్రం ఇబ్బంది ఊళ్లో ఉన్నప్పుడే మొదలైంది కానీ ఇక్కడికొచ్చాకే దాని బాధ పూర్తిగా తెలిసింది, సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగిందంటే ఎప్పుడు కదులుతుందో తెలీదు, మధ్యలో దిగినా వెళ్లడానికి చోటుండదు, పళ్లు బిగబట్టుకుని కూర్చునేవాణ్ని. రాత్రి నాలుగైదు సార్లు లేవడం, ధార సన్నగా రావడం, అయిపోయిందనుకుని వచ్చి పడుకుంటే పది నిమిషాలకి మళ్లీ లేవడం.

2022 ఆగస్టులో యూరాలజిస్ట్‌కి చూపించాం. స్కాన్‌లో ప్రొస్టేట్, అంటే మూత్రాశయం కింద మగవాళ్లకి ఉండే గ్రంథి, 52 గ్రాములు వచ్చింది, మామూలుగా 20, 25 ఉంటుందట. ప్రొస్టేట్ క్యాన్సర్ అనుమానం ఉందేమో చూసే రక్తపరీక్ష, పీఎస్ఏ, 3.8. వయసుతో వచ్చే వాపే, బీపీహెచ్ అంటారు, భయం లేదు అని టాంసులోసిన్ 0.4, డుటాస్టెరైడ్ 0.5 రెండూ కలిసిన క్యాప్సూల్ రాత్రికి ఒకటి రాశారు. లోపల ఐదు నిమిషాలు కూడా లేం. ఈ మందు ఒంట్లో ఏం చేస్తుంది, దేనికి జాగ్రత్తపడాలి అని ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

పదిరోజులు కాకుండానే ఒక రాత్రి మంచం మీంచి లేచి నాలుగడుగులు వేశానో లేదో కళ్లు బైర్లు కమ్మి బాత్రూమ్ గుమ్మం దగ్గర పడిపోయా. నుదుటి మీద మూడు కుట్లు. తడికి జారానని చెప్పా, నేనూ అదే అనుకున్నా. టాంసులోసిన్ ప్రొస్టేట్ దగ్గరి కండరాన్ని వదులు చేస్తుంది, దాంతో పాటు రక్తనాళాలూ వదులవుతాయి, ఠక్కున లేస్తే బీపీ పడిపోతుంది, పైగా నేను బీపీ మాత్ర కూడా అదే టైమ్‌కి వేసుకునేవాణ్ని. ఇదంతా చాలా తర్వాత తెలిసింది.

మందు పని చెయ్యలేదని అనను, రాత్రి లేవడం రెండుసార్లకి తగ్గింది. కానీ అక్టోబర్ నుంచి మనిషిని వేరే అయిపోయా. ఛాతీ నొప్పి ఒకటి. భార్యాభర్తల మధ్య ఉండే కోరిక పూర్తిగా చచ్చిపోయింది, మనసులో కూడా దాని ఊసు లేదు. పొద్దున వాకింగ్‌కి వెళ్లబుద్ధి కాదు, పేపర్ చదవబుద్ధి కాదు, ఊరికే గోడ వైపు తిరిగి పడుకునేవాణ్ని. మా ఆవిడ చాన్నాళ్లు చూసి ఒకరోజు కూర చేస్తూ చేస్తూ స్టవ్ ఆపేసి వచ్చి, 'నామీద ఏమన్నా కోపమా అండీ, నేనేమన్నా అన్నానా' అని అడిగింది. ఏం లేదులే, వయసు అన్నా. నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషికి అట్లా జవాబు చెప్పినందుకు ఇప్పటికీ బాధే.

2023 జూన్‌లో నాకు నేనే క్యాప్సూల్ మానేశా. ఎవరికీ చెప్పలేదు. మా కోడలు ప్రతి ఆదివారం వారం డబ్బాలో మాత్రలన్నీ సర్ది పెట్టేది, నేను అందులోంచి ఆ క్యాప్సూల్ తీసి చెత్తలో వేసేవాణ్ని. రెండు వారాలకి హిందూపురంలో పెళ్లికి వెళ్లాం, అక్కడ జలుబు చేస్తే షాపులో అడిగి జలుబు మాత్ర తెచ్చి వేసుకున్నా. ఆ రాత్రి మూత్రం ఒక్క చుక్క రాలేదు. పొత్తికడుపు రాయిలా అయిపోయింది, పెళ్లివాళ్ల ఇంట్లో నేల మీద దొర్లా. అక్కడి నర్సింగ్ హోమ్‌లో పైపు వేస్తే 900 మిల్లీలీటర్లు వచ్చింది. ముక్కుదిబ్బడకి కలిపే కొన్ని మందులు మూత్రాశయం మెడని బిగిస్తాయట, అటు వదులుచేసే మందు మానేసి ఇటు బిగించే మందు వేసుకున్నా. అందుకే ఎవర్నీ మానెయ్యమని చెప్పడం లేదు, ఈ మందు ఏ ఇబ్బందీ లేకుండా వాడేవాళ్లు చాలామందే ఉన్నారు, మానడమైనా మార్చడమైనా డాక్టరుతోనే.

పైపుతోనే బెంగళూరు వచ్చి ఈసారి వేరే డాక్టరు దగ్గరికి వెళ్లాం. కన్నడాయన, మా హిందూపురం వాళ్లకి కన్నడ వచ్చు కాబట్టి మాటకి ఇబ్బంది లేదు. ఆయన మా అబ్బాయిని బయట కూర్చోమని తలుపు వేసి, ఇప్పుడు చెప్పండి సార్ అన్నారు. అంతే, ఎనిమిది నెలలది మొత్తం చెప్పేశా, కళ్లల్లో నీళ్లు ఆగలేదు. చొక్కా తీయమని రెండువైపులా చేత్తో నొక్కి చూసి, ఇది డుటాస్టెరైడ్ వల్లే, కొంతమందికి వస్తుంది, గైనకోమాస్టియా అంటారు అన్నారు. మగ హార్మోన్ టెస్టోస్టెరాన్, ప్రొస్టేట్‌ని పెంచే డీహెచ్‌టీ అనే ఇంకో హార్మోన్‌గా మారకుండా ఈ మందు ఆపుతుందట, దాంతో హార్మోన్ల లెక్క మారి ఛాతీ దగ్గర తేలుతుందట. ఏప్రిల్‌లో పీఎస్ఏ 2.6 వస్తే తగ్గింది కదా అని సంతోషపడ్డాం, ఆయన అది కూడా చూసి, ఈ మందు మీద ఆర్నెల్లు ఉన్నవాళ్లకి వచ్చిన అంకెని రెట్టింపు చేసి చూడాలి, అంటే మీది తగ్గలేదు, 5 దాటినట్టు అన్నారు. ఎంఆర్ఐ తీయించారు, దేవుడి దయవల్ల అందులో ఏం లేదు.

తర్వాత అడిగారు, ఇంట్లో మాత్రలు ఎవరిస్తారు అని. మా కోడలు సార్, నాలుగో నెల అన్నా సంతోషంగా. ఆయన పెన్ను కింద పెట్టేశారు. గర్భంతో ఉన్న ఆడవాళ్లు ఈ క్యాప్సూల్ ముట్టుకోకూడదు, కారితే మందు చర్మంలోంచి లోపలికి వెళ్తుంది, కడుపులో మగపిల్లాడుంటే అవయవాల ఎదుగుదల మీద పడొచ్చు అన్నారు. పగలని క్యాప్సూల్ వల్ల భయం తక్కువే అని కూడా చెప్పారు కానీ నాకది చెవికెక్కలేదు. వరండాలోకి వచ్చి ఇంటికి ఫోన్ చేసి, అమ్మా ఆ డబ్బా ముట్టుకోవద్దు, చేతులు కడుక్కో అన్నా, గొంతు వణికిపోతోంది. ఆ పిల్ల, 'ఏమైంది మామయ్యా, మీరు బాగానే ఉన్నారా' అని నా గురించే అడిగింది. నవంబర్ చివర్లో మనవడు పుట్టి, పిల్లల డాక్టరు తలనుంచి కాలిదాకా చూసి బాగున్నాడు అనేదాకా నాకు సరైన నిద్రలేదు.

ఉత్త టాంసులోసిన్ ఉంచారు, రాత్రి భోజనమయ్యాక అరగంటకి, బీపీ మాత్ర పొద్దుటికి మార్చారు. నాలుగో రోజు పైపు తీస్తే ధార వచ్చింది. లేచేముందు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుంటా. డుటాస్టెరైడ్ ఒంట్లోంచి త్వరగా పోదు, సగం పోవడానికే ఐదు వారాలట, అందుకే బాగవడం చాలా మెల్లగా జరిగింది. దసరాకి సలుపు పోయింది. సంక్రాంతికి మనసు తేలికైంది, మా ఆవిడతో లాల్‌బాగ్ పూల ప్రదర్శనకి వెళ్లి తిరిగి తిరిగి వచ్చాం, ఆ రోజే ఆమెకి మొత్తం చెప్పా. చాలాసేపు మాట్లాడకుండా, 'నన్ను అడగనివ్వలేదు మీరు' అంది. గడ్డ చిన్నదిగా ఇంకా తగులుతుంది, నొప్పి లేదు.

మొన్న కంట్లో శుక్లం ఆపరేషన్‌కి వెళ్లినప్పుడు నాకు నేనే ముందు టాంసులోసిన్ సంగతి చెప్పా, ఆపరేషన్లో కంటిపాప చుట్టూ ఉండే పొర వదులైపోతుందని, ముందే తెలిస్తే తగిన ఏర్పాటుతో చేస్తామని ఆ డాక్టరమ్మ అంది.

పోయిన నెల మా స్కూల్లో లెక్కలు చెప్పిన స్నేహితుడు ఫోన్ చేశాడు, అదే క్యాప్సూల్ ఏడు నెలల నుంచి వాడుతున్నాడట, రాత్రిళ్లు బాగుందిరా అన్నాడు. ఛాతీ దగ్గర ఏమన్నా నొప్పి ఉందారా అని అడిగా. కాసేపు మాటలేదు. తర్వాత మెల్లగా, 'నీకెట్లా తెలుసు' అన్నాడు. వచ్చే బుధవారం వస్తున్నాడు, నా డాక్టరు దగ్గరే అపాయింట్‌మెంట్ తీసుకున్నా.