తొమ్మిది కిలోల బంగారం

మేడారం సమ్మక్క సారలమ్మల జాతర నుంచి వచ్చి మూడు రోజులైంది. ఆ చీరను రెండుసార్లు ఉతికినా బెల్లం వాసన పోలేదు. పోకపోతేనే బాగుండు.

2024 జాతరకు కన్నెపల్లిలో, సారలమ్మ గుడి ముందు తడిబట్టలతో పడుకుని వరం పట్టాను. అప్పటికి పెళ్లయి ఏడేళ్లు, పిల్లల్లేరు. అమ్మను తీసుకొస్తున్న పూజారులు మా మీదుగా దాటిపోతుంటే కళ్లు గట్టిగా మూసుకున్నాను. ఒక పాదం నడుముకు తగిలీ తగలనట్టు పోయింది. మరుసటి ఏడు మార్చిలో పాప పుట్టింది. సారలమ్మ పేరే పెట్టి సారక్క అని పిలుచుకుంటున్నాం. ఈ జనవరి జాతరలో దాని ఎత్తు బంగారం ఇవ్వాలన్నది నా మొక్కు. అమ్మకిచ్చే బెల్లాన్నే అక్కడ బంగారం అంటారు.

గురువారం సాయంత్రం సమ్మక్క తల్లి చిలకలగుట్ట దిగింది. స్వాగతంగా గాల్లోకి తుపాకీ పేలింది. డోలు మోతలు, అమ్మకు ఎదురుగా ఎగరేసే ఎదురుకోళ్లు, పూనకమొచ్చిన శివసత్తుల కేకలు. నాకు కనబడింది పోలీసులు పట్టుకున్న తాడు, పూజారి చుట్టూ కిక్కిరిసిన తలలు, వాటి సందులోంచి ఎర్రటి మెరుపు ఒక్కటి. అంతే! ఉన్నచోటే కూలబడి ఏడ్చాను. కానీ వీడియోల కోసం ఫోన్లు పైకెత్తినవాళ్ల వల్ల వెనకున్న ముసలివాళ్లకు ఆ మెరుపు కూడా దక్కలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

శుక్రవారం జంపన్న వాగులో మునిగి, పాపను తూకమేయించాం. సరిగ్గా తొమ్మిది కిలోలు. అంత బెల్లం సంచిలో వేసుకుని నేనే భుజాన పెట్టుకున్నాను. మా ఆయన అడిగినా ఇవ్వలేదు, మొక్కు నాది. ఎండకు బెల్లం మెత్తబడి, రసం రవిక లోపలికి కారింది. దేవతలను నిలిపే గద్దెలు కనిపించేదాకా వచ్చాం. వెనకనుంచి ఒక్క తోపు తోశారు, సంచి అడుగు పర్రున చిరిగింది. ముద్దలు జనం కాళ్ల కింద పడ్డాయి. వంగితే తొక్కేస్తారు. ఆపైన దూరంనుంచి గద్దెల మీదికి బెల్లం విసిరేవాళ్లు! ఒక ముద్ద పాప తలకు జానెడు దూరంలోంచి పోయింది.

అప్పుడు పక్కనున్న ఒక అవ్వ రెండు చేతులూ సంచి అడుగున పెట్టి ఆపింది. "ఏడ్వకు బిడ్డా, కింద పడ్డది గూడ తల్లికే పోయింది" అంటూ తన మూటలోంచి ఎర్రటి జాకెట్టు ముక్క తీసింది. మడత విప్పలేదింకా, పసుపు బొట్టు పెట్టి ఉంది. అమ్మకు పెట్టడానికి తెచ్చుకున్నది. వద్దన్నాను. "గిది గూడ ఆడికే గద పోయేది" అని మిగిలిన బెల్లాన్ని అందులో కట్టి, రెండు ముళ్లేసి ఇచ్చింది.

వాళ్లది పూనుగొండ్ల. పగిడిద్దరాజును తోడ్కొని వచ్చినవాళ్ల వెనక అడవి దారిన నడిచొచ్చిందట. కాళ్లు పగిలి ఉన్నాయి. "అందరు తల్లీబిడ్డల కాడికే ఉరుకుతరు. ఆయన సమ్మక్కకు పెనిమిటి, సారక్కకు తండ్రి. కప్పం కట్టనని కాకతీయులతోటి కొట్లాడి పానమిచ్చిండు. జర ఆయన కాడ గూడ నిలబడు బిడ్డా" అంది.

నాకు సిగ్గేసింది. రెండేళ్లుగా రోజూ తల్లీకూతుళ్లకు దండం పెట్టుకున్నాను. ఆ తండ్రి పేరు ఒక్కసారైనా నోట రాలేదు.

ఎర్ర మూటను అలాగే సమ్మక్క తల్లికి సమర్పించి, చిటికెడు బెల్లం మాత్రం పిడికిట్లో దాచుకున్నాను. పగిడిద్దరాజు గద్దె దగ్గర తోపులాట తక్కువ. నిలబడి ఊపిరి పీల్చుకున్నాను. దాచిన బెల్లం అక్కడ పెట్టి, మా పాపను ఇచ్చిన మీ బిడ్డ చల్లగా ఉండాలని మొక్కుకున్నాను. ఎవరో పెద్దాయన పాప నుదుటికి బండారి రాశాడు. అది చేత్తో రుద్దుకుని బుగ్గంతా పసుపు చేసుకుంది.

తిరిగి చూస్తే అవ్వ వాళ్ల మనుషుల్లో కలిసిపోయింది. శనివారం దేవతలు తిరిగి అడవికి వెళ్లే వనప్రవేశం అయ్యాక, మళ్లీ ఆ కాళ్లతోనే నడిచి వెళ్లి ఉంటుంది. పాప బుగ్గ మీది బండారిని మాత్రం ఇల్లు చేరేదాకా తుడవలేదు.