నల్ల సంచులు

నిద్ర పట్టడం లేదు. ఈయన, పిల్లాడు పడుకున్నారు. పేరు రాయను, ఫోస్టర్ పిల్లల, అంటే సొంత ఇంట్లో ఉండే వీల్లేక ప్రభుత్వం మాలాంటి వాళ్ళింట్లో కొన్నాళ్ళు ఉంచే పిల్లల వివరాలు బయటపెట్టకూడదని మీకు తెలుసుగా. నిన్న రాత్రి వచ్చాడు. ఏడేళ్ళు.

వాణ్ణి తీసుకొచ్చిన కేస్‌వర్కర్, ఇలాంటి పిల్లల బాగోగులు చూసే ఉద్యోగి, డిక్కీలోంచి రెండు నల్ల ట్రాష్ బ్యాగులు తీసి గుమ్మంలో పెట్టి "వీడి సామాను ఇంతే" అంది. ఒకదాని అడుగు చిరిగి బూటు బయటికొచ్చింది. పొద్దున ఈయన చెత్త బయట పెడుతుంటే వాడు ఉత్త కాళ్ళతో గరాజ్‌లోకి పరుగెత్తాడు. ఆయన చేతిలోవీ అవే నల్ల సంచులు. తనవి కావని తేలేదాకా కదల్లేదు.

ఇల్లు మారే పిల్లలకి పెట్టెలివ్వాలని ఇక్కడ టెక్సాస్‌లో 2023లో చట్టమే చేశారు. అడిగితే "రాత్రికి రాత్రి తేవాల్సి వచ్చింది, దొరకలేదు" అంది. నా చేత సంతకాలు పెట్టించుకునే కాగితాలు మాత్రం ఒక్కటీ మర్చిపోలేదు. ఆ వేళ కనీసం ఒక పాత స్కూలు బ్యాగైనా దొరకదా? రోజంతా ఇదే మథన.

ఆరో క్లాసులో హాస్టల్‌కి పంపేటప్పుడు నాన్న ఆకుపచ్చ రేకు పెట్టె కొన్నాడు. మూత మీద తెల్ల పెయింటుతో ఇంటిపేరుతో సహా నా పేరు రాయించాడు. తాళంచెవి నల్లదారానికి గుచ్చి అమ్మ నా మెడలో వేసింది. అడుగున పరిచిన పేపరుకి ఆవకాయ నూనె మరక. అరవై మంది పడుకునే హాల్లో ఆ పెట్టె ఉన్నంత మేరే నా ఇల్లు. వార్డెనమ్మ తనిఖీకొచ్చినా "పెట్టె తెరువమ్మా" అనేది. తాళం నేనే తీసేదాన్ని.

ఇది రాశాక చెయ్యి ఆగిపోయింది. మధ్యాహ్నం వాడు ఈయనతో పార్కుకి వెళ్ళగానే ఆ సంచులు నేనే విప్పాను. సిగరెట్ వాసన. దుప్పటితో సహా అన్నీ మెషిన్‌లో వేశాను. అడక్కుండా ఉతకొద్దని, ఆ వాసనే వాళ్ళకి మిగిలిన ఇల్లని ట్రైనింగ్‌లో చెప్పారు. రాసుకున్నాను కూడా.

రాత్రి పప్పన్నంలో నెయ్యి రెండోసారి అడిగి వేయించుకున్నాడు. తర్వాత దుప్పటి ముక్కు దగ్గర పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి, మడిచి పక్కన పెట్టేశాడు. ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు ఆ కేస్‌వర్కర్ని అనడానికి నోరు రావడం లేదు.

రేపు పెట్టె కొనడానికి వాణ్ణే తీసుకెళ్తాం, రంగు వాడిష్టం. చిరిగిన సంచి కూడా పారెయ్యలేదు, ముందు వాణ్ణి అడగాలి. బూటులో ఉండచుట్టి కుక్కిన టీషర్టు ఒకటి మధ్యాహ్నం నా కంట పడలేదు, అందుకే ఉతకలేదు. అలాగే ఉంచాను.